గాలి తగ్గని చక్రం

అందరికీ నమస్కారం. పాత విమానాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మాత్రం ఒక చక్రంతో మొదలుపెడతాను.

1937లో బర్మా దక్షిణ తీరాన, ఆయే అనే చిన్న దీవి దగ్గర జాలర్లకు ఒక విమానం కాలు దొరికింది. కాలంటే ల్యాండింగ్ గేర్, చక్రంతో సహా. టైరులో గాలి అలాగే ఉంది! మన ఉత్తరాంధ్ర వాళ్ళు ‘రంగం’ అని పిలుచుకున్న రంగూన్ నుంచి ఇంకా కిందికి, మౌల్మీన్ దాటాక వస్తుంది ఆ దీవి. లాక్‌హీడ్ కంపెనీ వాళ్ళు దాన్ని చూసి, ఇది మా ఆల్టెయిర్ విమానానిదే, ‘లేడీ సదరన్ క్రాస్’దే అని తేల్చారు.

ఆ విమానం చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్‌ది. 1928లో మొట్టమొదటగా పసిఫిక్ మహాసముద్రాన్ని విమానంలో దాటిన ఆస్ట్రేలియా వీరుడు. సిడ్నీ విమానాశ్రయానికి ఇవాళ్టికీ ఆయన పేరే. 1935 నవంబరులో, ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు రికార్డు వేళలో చేరాలని టామీ పెథీబ్రిడ్జ్‌తో కలిసి బయలుదేరాడు. ఏథెన్స్, బాగ్దాద్, మన అలహాబాద్. 7వ తేదీ అలహాబాద్‌లో లేచిన విమానం సింగపూర్‌లో దిగాలి. దిగలేదు. అదే దారిలో వెళ్తున్న మెల్‌రోజ్ అనే కుర్ర పైలట్, రాత్రి సముద్రం మీద ఒక విమానం పొగగొట్టం నుంచి మంటలు కనిపించాయని చెప్పాడు. ఆ తర్వాత పద్దెనిమిది నెలలకు ఈ చక్రం.

దాన్ని పట్టుకుని వృక్షశాస్త్రజ్ఞులు చేసిన పని నాకు భలే ఇష్టం. కాలికి అంటుకున్న నాచును పరీక్షించి, ఇది ఇంత లోతులోనే పెరుగుతుంది, కాబట్టి విమానం ఆ దీవికి దగ్గర్లోనే, పదిహేను బారల లోతున ఉండాలన్నారు. అంటే దాదాపు 27 మీటర్లు. మన జాలర్లు కూడా లోతును బారల్లోనే చెబుతారు కదా!

మరి అంత తక్కువ లోతులో ఎందుకు దొరకలేదు అని అడుగుతారు. జవాబు చెప్పే ముందు ఇంకో విమానం సంగతి వినండి.

1929 మార్చి 31న ఇదే స్మిత్, జోడీ పైలట్ ఉల్మ్‌తో వెళ్తూ ఆస్ట్రేలియా వాయవ్య మూలన బురదనేల మీద దిగిపోయాడు. కాఫీ, బ్రాందీ తాగి ప్రాణం నిలుపుకున్నారు. వాళ్ళను వెతకడానికి కీత్ ఆండర్సన్ బయలుదేరాడు. ఈ ఆండర్సన్ ఎవరనుకున్నారు? ఒకప్పటి భాగస్వామి. పసిఫిక్ యాత్ర నుంచి తనను తప్పించారని స్మిత్ మీద కోర్టుకెక్కినవాడు. అయినా బయలుదేరాడు. మెకానిక్ హిచ్‌కాక్‌ను ఎక్కించుకుని ‘కూకబరా’ అనే చిన్న విమానంలో, దిక్సూచి సరిగా లేకుండా, నీళ్ళు నామమాత్రంగా పెట్టుకుని. ఏప్రిల్ 10న ఇంజిన్ మొరాయించి తనామి ఎడారిలో దిగారు. పొదలు కాల్చి దారి చేసుకున్నా విమానం లేవలేదు. 12న స్మిత్ క్షేమంగా దొరికాడు. వీళ్ళు దప్పికతో పోయారు. ఆండర్సన్ విమానం తోకకు ఉండే చుక్కాని గుడ్డ మీద జరిగింది రాసిపెట్టాడు. కాగితం అయిపోయిందో, గాలికి ఎగిరిపోతుందనుకున్నాడో గానీ, వెతుకుతూ వచ్చేవాడు మొదట చూసేది విమానాన్నే అని ఆయనకు తెలుసు. 21న ఇంకో విమానం నుంచి చూశారు. శవాలను తెచ్చుకున్నారు, విమానాన్ని అక్కడే వదిలేశారు.

తర్వాత అదే తప్పిపోయింది! ఎడారిలో ఏ పొద చూసినా ఒకటే. 1961లో సర్వేకు వెళ్ళినవాళ్ళకు అనుకోకుండా కనబడింది, మళ్ళీ జాడ తెలియలేదు. చివరికి 1978లో డిక్ స్మిత్ అనే వ్యాపారి పట్టుదలగా వెతికి పట్టుకున్నాడు. ఇంటిపేరు చూసి చుట్టరికం అనుకునేరు, కాదు. ఆ శిథిలాలు ఇప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉన్నాయి.

పొడి ఇసుకలో, ఒకసారి చూసిన చోటే, ఇంత కష్టమైంది. ఇక బర్మా సముద్రం! ఆల్టెయిర్ ఒళ్ళంతా ప్లైవుడ్. వెచ్చటి ఉప్పునీళ్ళలో పురుగు చెక్కను మిగల్చదు. ఇంజిన్ ముద్ద ఒకటి ఒండ్రులో కూరుకుపోయి ఉండొచ్చు. 2009లో ఒక సినిమా దర్శకుడు విమానం దొరికిందని ప్రకటించాడు, తెలిసినవాళ్ళు ఒప్పుకోలేదు. నన్నడిగితే, రెక్కలతో సహా కనబడిందని ఎవరు చెప్పినా నేను నమ్మను. ఇంజిన్ నంబరు చూపిస్తే నమ్ముతాను.

జాలర్లకు దొరికిన కాలు సిడ్నీలోని పవర్‌హౌస్ మ్యూజియంలో ఉంది. రెండో కాలు ఇంకా దొరకలేదు.