మలుపులో బండి మాట వినాలంటే

శ్రోతలకు నమస్కారం.

రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే దారిలో మారేడుమిల్లి దాటితే ఘాట్ రోడ్డు. రెండేళ్ల కిందట మా తొమ్మిదేళ్ల పాత కారులో ఆ దారిన వెళ్లాం. వెనక సీట్లో మా అమ్మ ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని కూర్చుంది. మలుపు వచ్చిందంటే చాలు, బండి ఒక పక్కకి ఒరిగిపోయేది. స్టీరింగ్ తిప్పాక కాసేపు ఆలోచించుకుని గానీ తిరిగేది కాదు. పైన కారియర్ మీద మూడు సూట్‌కేసులు, ఒక బియ్యం బస్తా. చింతూరు చేరాక అమ్మ ఒకటే మాట అంది, "ఈ బండి అమ్మేయ్ నాయనా" అని.

అమ్మలేదు. బాగు చేయించాను. ఖర్చు మీరనుకునేంత కాదు, ఎందుకంటే కొత్తగా తగిలించింది ఏమీ లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉన్న గుణం అరిగిపోయింది, దాన్ని వెనక్కి తెచ్చుకున్నానంతే.

ముందు గాలి సంగతి. టన్ను బరువున్న కారు నేలని తాకేది నాలుగు చోట్ల, ఒక్కో చోట మన అరచెయ్యంత మేర. గాలి తక్కువైతే మలుపులో టైరు పక్కగోడ మడత పడుతుంది, స్టీరింగ్ మెత్తగా, బద్ధకంగా తయారవుతుంది. మరీ ఎక్కువైతే నడిమి భాగమే నేలకి ఆనుతుంది. బంకులో కుర్రాడు "ఎంత కొట్టమంటారు సార్?" అంటే మనం నోటికొచ్చిన అంకె చెప్తాం. సరైన అంకె చాలా కార్లలో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. బండి నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత కొట్టాలో కూడా అక్కడే రాసి ఉంటుంది, అది ఎవరూ చదవరు. మా స్టిక్కర్ మీద 33 ఉంటే ముందు ఎడమ టైరులో 26 తేలింది. చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. నడిచి వేడెక్కిన టైరు ఎక్కువ అంకె చూపిస్తుంది.

తర్వాత టైరు వయసు. పక్కగోడ మీద నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 3419 అంటే 2019లో 34వ వారం తయారైందని. గాడులు లోతుగా కనిపించినా రబ్బరు గట్టిపడిపోతే పట్టు ఉండదు, వానలో మరీను. గాడుల అడుగున అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. టైరు వాటి మట్టానికి అరిగిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, ఇక మార్చేయాల్సిందే. రెండే కొనగలిగితే కొత్తవి వెనక్కి వేయించండి. చాలామంది ముందుకి వేయిస్తారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ముందు టైర్లు జారితే బండి మలుపు తిరగకుండా నేరుగా పోతుంది. యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గిస్తే చాలాసార్లు దారికొస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, మనలాంటి వాళ్లం దాన్ని ఆపలేం.

ఇక అసలు ముచ్చట. చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ షాపులో మేస్త్రి బండిని లిఫ్ట్ మీద పైకెత్తాడు. ముందు చక్రం వెనకాల వేలంత లావు కడ్డీ ఒకటి పట్టుకుని ఊపాడు. టక్ టక్ మంది. "ఇదిగో సార్, లింక్ రాడ్ పోయింది" అన్నాడు. కారు అడుగున కుడి ఎడమ చక్రాలని కలుపుతూ అడ్డంగా ఒక స్టీలు బార్ ఉంటుంది. బండి ఒరగబోతే అది మెలి తిరిగి, ఒరగనివ్వకుండా పట్టుకుంటుంది. దాన్ని చక్రాలకి తగిలించేవి ఈ లింక్ రాడ్లే. వాటి కీళ్లు అరిగి వదులైతే బార్ తన పని మొదలెట్టేసరికే బండి ఒరిగిపోయి ఉంటుంది. గతుకుల్లో వచ్చే ఆ టకటక శబ్దాన్ని నేను ఏడాది పాటు డిక్కీలో జాకీ చప్పుడనుకున్నాను! రెండూ మార్పించి, కీళ్ల దగ్గర మెత్తగా ఉండాల్సిన రబ్బరు బుష్‌లు చీలికలు పట్టి ఉంటే అవీ కొత్తవి వేయించి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాను. ముందు అలైన్‌మెంట్ చేసి తర్వాత బుష్‌లు మారిస్తే ఆ డబ్బులు దండగే.

గతుకుల్లో బండి ఊగిసలాటని అణిచే షాక్ అబ్జార్బర్ల మీద నూనె చెమ్మ కనిపిస్తే మార్చాలి, అదీ జతగా. ఇది కాస్త ఖర్చే.

ఆ షాపులోనే స్ప్రింగుల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు చూపించి, వేయిస్తే బండి ఒరగదని చెప్పారు. నేను వద్దన్నాను. స్ప్రింగు చుట్లు కోయించి బండిని కిందికి దించే కుర్రాళ్లూ ఉన్నారు. గతుకు రాగానే షాక్ అడుక్కి కొట్టుకుంటుంది, పైగా చట్టం ఒప్పుకోదు. వెడల్పు టైర్లు, అల్లాయ్ చక్రాలు చూడ్డానికి బాగుంటాయి. అరిగిన లింక్ రాడ్లతో అవి చేసేదేమీ లేదు.

పైసా ఖర్చులేని పని ఇంకోటి ఉంది. కారియర్ మీది బియ్యం బస్తా దించి డిక్కీలో, సీటుని ఆనించి పెట్టండి. బరువు ఎంత పైనుంటే బండి అంత ఒరుగుతుంది.

నడిపే తీరు కూడా చెప్పాలి. అదే మలుపుని 40లో కాకుండా 60లో తిప్పితే టైర్ల మీద పడే పక్కబలం రెండింతలు దాటుతుంది. టైరుకున్న పట్టు జేబులో వంద నోటు లాంటిది. బ్రేకుకి ఎనభై ఖర్చు పెట్టాక తిరగడానికి ఏం మిగుల్తుంది? అందుకే బ్రేకు మలుపుకి ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే వెయ్యాలి. దిగేటప్పుడు రెండో గేరు, మరీ ఏటవాలైతే ఒకటో గేరు.

పోయిన కార్తీకంలో మళ్లీ అదే దారిన వెళ్లాం. అమ్మ నిమ్మకాయ తెచ్చుకుంది. ఘాట్ మొత్తం దాన్ని చేతిలోనే పట్టుకుని మా ఆవిడతో ఎవరిదో పెళ్లి సంబంధం గురించి మాట్లాడుతూ కూర్చుంది. చింతూరులో టీకి ఆగితే, "అప్పుడే ఘాట్ అయిపోయిందా?" అంది.

సెలవు.