కాగితానికీ పడుగు ఉంటుంది

(క్రిస్మస్ ఆగమన కాలానికి ముందు ఏర్పాటైన చేతిపనుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, వెనక బల్ల దగ్గర కత్తెరలతో కుస్తీ పడుతున్న పిల్లలకు వందనాలు. అయ్యగారికీ, స్త్రీల మైత్రి వారికీ కృతజ్ఞతలు ఒక్క మాటలో కానిచ్చేస్తాను. మైదా జిగురు పొయ్యిమీంచి ఇప్పుడే దించారు. అది చల్లారేలోగా నేను ముగించాలి.

కరపత్రంలో "గుడ్డ అట్టతో క్రిస్మస్ జర్నల్" అని వేశారు. అయిదు విషయాలు రాసుకొచ్చాను: కాగితం, కుట్టు, గుడ్డ, అట్ట, ఆరబెట్టడం. తలా పది నిమిషాలు అనుకున్నాను. చూద్దాం.

ముందు లెక్క. ఈ పుస్తకం ఏ రోజు నుంచి ఏ రోజు వరకు? ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబరు 27కి ముందు రాదు, డిసెంబరు 3 దాటి పోదు. అక్కణ్ణుంచి జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ దాకా పెట్టుకుంటే తక్కువలో తక్కువ 35 రోజులు, ఎక్కువలో ఎక్కువ 41. రోజుకొక ఆకు. ముందు వైపు రాసుకోవడానికి, వెనక వైపు అతికించుకోవడానికి. 48 ఆకుల పుస్తకం కుడితే ఏ ఏడాదికైనా సరిపోయి, కనీసం ఏడు ఆకులు మిగులుతాయి. క్యారల్స్‌కి ఏ వీధి ఏ రోజో, కేకుకి ఎండుపళ్లు ఎప్పుడు నానబెట్టారో, ఎవరికి కార్డు పంపారో ఆ ఏడింట్లో రాసుకోండి.

48 ఆకులకి డబుల్ డెమీ తావులు మూడు చాలు. తావు 23 అంగుళాలు, 36 అంగుళాలు. 23ని రెండు చేయండి, 36ని నాలుగు చేయండి. పదకొండున్నర, తొమ్మిది అంగుళాల ముక్కలు ఎనిమిది వస్తాయి. ఒక్కోదాన్ని మధ్యకి మడిస్తే అయిదుంపావు కాదు, జాగ్రత్త, అయిదు ముప్పావు వెడల్పు, తొమ్మిది పొడవు. అంటే 146 మిల్లీమీటర్లు, 229 మిల్లీమీటర్లు. మూడు తావులకి 24 మడతలు. నాలుగు మడతలు ఒకదాంట్లో ఒకటి దూర్చితే ఒక ఫారం. ఆరు ఫారాలు. కాగితం 100 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 100 గ్రాముల బరువు, ఉంటే సిరా వెనక్కి దిగదు.

ఇంతవరకు ఎవరైనా చెప్తారు. చెప్పనిది ఒకటుంది. ఆ 36 అంగుళాల వైపే కాగితం పడుగు ఉండాలి.

పడుగు అన్న మాట మగ్గం ఇళ్లది. కాగితానికి ఇంగ్లీషులో వేరే పేరుంది కానీ పడుగు అంటేనే మనకి సుఖంగా తెలుస్తుంది. కాగజ్‌నగర్‌లో తయారైనా రాజమండ్రిలో తయారైనా మిల్లు కాగితం కథ ఒకటే: నీళ్లలాంటి గుజ్జు పరుగెత్తే జల్లెడమీద పడుతుంది, జల్లెడ పోయే దారినే పీచు ఎక్కువగా పడుకుంటుంది. ఆ దారే పడుగు. 1799లో ఫ్రాన్సులో లూయీ నికొలా రాబర్ట్ ఆ యంత్రానికి హక్కుపత్రం (పేటెంటు) తీసుకున్న నాటి నుంచీ ఈ గొడవ ఉంది. అంతకుముందు చేత్తో జల్లెడ అచ్చుని అటూ ఇటూ కదిపి తీసిన కాగితంలో పీచు అన్ని దిక్కులా పడేది కాబట్టి ఇంత పట్టింపు లేదు.

పట్టింపు ఎందుకంటే, పీచుకి తడి తగిలితే లావెక్కుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు. అందువల్ల కాగితం పడుగు వైపు నిలకడగా ఉంటుంది, అడ్డంగా సాగుతుంది. ఆరాక మళ్లీ అడ్డంగానే ముడుచుకుంటుంది. పుస్తకం వీపు పొడవునా పడుగు ఉంటే ఆ సాగుడు పేజీ అంచు వైపు పోయి ఎవరినీ బాధించదు. పడుగు అడ్డం తిరిగితే సాగుడు వీపు పొడవునా వస్తుంది. వీపు దగ్గర కుట్టూ జిగురూ పట్టుకుని ఉంటాయి. సాగే చోటు లేక కాగితం అలలు అలలుగా లేస్తుంది. మీరు కొన్న డైరీ తెరిచి బల్లమీద పెడితే పేజీలు పడుకోకుండా నిక్కబొడుచుకుని చూస్తుంటాయే, అందులో చాలాసార్లు తప్పు అదే.

ఇప్పుడు పది నిమిషాల్లో జర్నల్ చేసేస్తామనే వీడియోల సంగతి. ఏ4 కాగితాలు తీసుకోండి, సగానికి మడవండి, అయిపోయింది! ఏ4 కట్టల్లో ఎక్కువ భాగం పడుగు 297 మిల్లీమీటర్ల వైపు ఉంటుంది. సగానికి మడిస్తే మడత పడుగుకి అడ్డంగా వస్తుంది. మడత దగ్గర పీచు విరిగి గరుకుగా లేస్తుంది. పుస్తకం పుట్టుకతోనే వంకర. ఈ ఒక్క ముక్క ఆ వీడియోల్లో వినపడదు. ఏ4 తప్ప దొరకదంటారా, ఏ3 కొని పడుగు చూసి, అది ఏ వైపుందో ఆ వైపు మడతొచ్చేలా కోసుకోండి.

పడుగు కనుక్కోవడం ఎలా? మూడు దారులున్నాయి. తావుని మడవకుండా ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచి అరచేత్తో మెల్లగా నొక్కండి. ఏ వైపు మెత్తగా లొంగితే ఆ వంపు గీతే పడుగు. చేతికి తెలియకపోతే ఒక మూల చింపండి. పడుగు వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే పక్కలకి పారిపోతుంది. అదీ తేలకపోతే అయిదు సెంటీమీటర్ల చదరం కోసి ఒక వైపే తడపండి. బొంగులా చుట్టుకుంటుంది. బొంగు పొడవు ఏ దిక్కో పడుగు ఆ దిక్కు. చదరం కోసే ముందు తావుకి ఏ వైపో పెన్సిలు గీత పెట్టుకోండి, లేకపోతే బొంగు దొరుకుతుంది, దిక్కు తెలియదు.

అట్టకి వాడే రెండు మిల్లీమీటర్ల గ్రే బోర్డుకీ ఇదే పరీక్ష, రెండు చేతులతో వంచి. లోపలి కాగితం, చివర్లకి వేసే దళసరి కాగితం, అట్ట, గుడ్డ వెనక వేసే పల్చటి కాగితం, గుడ్డ. అయిదింటి పడుగూ వీపు పొడవునే నిలబడాలి. దయచేసి ఇది అరచేతిమీద రాసుకోండి. వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా.

గడియారం చూస్తే కాగితం దగ్గరే సగం పొద్దు పోయింది. కుట్టు త్వరగా చెప్తాను.

ఫారం వీపు 229 మిల్లీమీటర్లు. పైనుంచి 12, 70, 83, 146, 159, 217 దగ్గర గుర్తులు పెట్టి దబ్బనంతో మడత లోపలినుంచి బయటికి పొడవండి. ఒక అట్టముక్కమీద గుర్తులు ఒక్కసారి వేసుకుని ఆరు ఫారాలకీ అదే వాడాలి, ప్రతిసారీ స్కేలు పెడితే వీపు మెట్లు మెట్లుగా వస్తుంది. 70, 83 మధ్య ఒక నూలు నాడా, 146, 159 మధ్య ఇంకో నాడా. దారం ఆ నాడాల మీదుగా పోతుంది. మొదటి, చివరి రంధ్రాల దగ్గర కింది ఫారం కుట్టులోంచి సూది దూర్చి ముడి. మీటరున్నర కంటే కొంచెం ఎక్కువ దారం కోసి కొవ్వొత్తి మైనం పట్టించండి. దారాన్ని వీపు పొడవునా లాగి బిగించాలి. మీ వైపు లాగితే కాగితం రంపంతో కోసినట్టు తెగిపోతుంది.

ఇక్కడ క్రిస్మస్ పుస్తకానికి మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. ఇందులో కార్డులు, ఫొటోలు, సండే స్కూలు నాటిక కరపత్రం, రిబ్బను ముక్కలు అన్నీ చేరతాయి. జనవరి వచ్చేసరికి పుస్తకం నోరు తెరిచిన మొసలిలా ఉంటుంది. దానికి మందు కుట్టేటప్పుడే వేయాలి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు కాగితం పట్టీలు కోసి, మధ్యకి మడిచి, ఫారానికి రెండు చొప్పున ఆకుల మధ్య కలిపి కుట్టండి. వీపు దగ్గర ఆ పట్టీలు లావు పెంచుతాయి, బయట అతికించినవాటికి చోటు దొరుకుతుంది. కుట్టడం అయ్యాక మొదటి, చివరి ఫారాలకి దళసరి కాగితం మడతలు వీపు అంచున మూడు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే జిగురు రాసి అంటించండి. వీపుకి ఫెవికాల్ పల్చగా రాసి, పక్కలకి మూడేసి సెంటీమీటర్లు మిగిలేలా పల్చటి గుడ్డ వేయండి. ఇంగ్లీషు బైండర్లు ఆ గుడ్డని మల్ అంటారు. మన మల్‌మల్ ఓడెక్కి వెళ్లి తోక తెగిన మాటే అది.

ఇక గుడ్డ. ఎంత మంచి గుడ్డ ఎంత అన్యాయంగా పాడవుతోందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అట్టకి ఫెవికాల్ రాసి దానిమీద నేరుగా నూలు గుడ్డ వేస్తారు. నూలు దాహం వేసినట్టు జిగురు పీల్చుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉంది, ఆరితే కనపడదులే అనుకుంటారు. ఆరాక తెలుపు పోయే మాట నిజమే, మచ్చ మాత్రం నూనె మరకలా మెరుస్తూ అక్కడే ఉంటుంది. ఉతికినా పోదు.

అందుకే గుడ్డకి వెనక కాగితం వేయాలి. మంగళగిరి నూలు ఇందుకు మేలైనది, నేత దట్టం, దారం సమం. ముందు ఉతికి గంజి పోగొట్టండి, ఎలాగూ కుంచించుకునేది అప్పుడే కుంచించుకుంటుంది. ఇస్త్రీ చేయండి. సన్‌మైకా బల్లమీద బోర్లా పరిచి నీళ్లు చల్లి, పడుగు పేకలు, అంటే నిలువు అడ్డం దారాలు, మూలమట్టానికి సరిపోయేలా చేత్తో సర్దండి. గుడ్డ కంటే అన్ని వైపులా రెండు సెంటీమీటర్లు పెద్దదైన పల్చటి కాగితానికి పల్చటి మైదా జిగురు రాసి, అది మెత్తబడ్డాక గుడ్డమీద దించి, వెడల్పు కుంచెతో మధ్యనుంచి బయటికి తట్టండి. రుద్దకండి. రుద్దితే పోచంపల్లి గడులు పాములవుతాయి. మిగిలిన కాగితం అంచు బల్లకి అంటుకుని, ఆరేటప్పుడు డప్పు తోలులా గుడ్డని లాగి పడుతుంది. ఒక చోట మాత్రం అంచు కింద చిన్న కాగితం చీటీ పెట్టండి. రేపు కత్తి దూర్చి ఊడదీయడానికి దారి కావాలిగా. రాత్రంతా ఆరాలి. దర్జీ దుకాణాల్లో ఇస్త్రీతో అంటుకునే పేస్టింగ్ గుడ్డ ఉంటుంది, తొందరున్నవాళ్లు అది వాడవచ్చు. చేయకపోవడం కంటే నయం.

జిగురు కొలత ఒక వంతు మైదా, అయిదు వంతుల నీళ్లు. చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి సన్న సెగమీద, గరిట ఆపకుండా, పచ్చి తెలుపు పోయి నిగనిగలాడే దాకా ఉడికించి వడగట్టండి. గుడ్డ వెనక రాయడానికి ఇంకాస్త నీళ్లు కలుపుకోండి. పాత బైండర్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవారు. మీరు వేయకండి. అది విషం, పిల్లల చేతులు పడే చోటు ఇది. పైగా అందులోని రాగి కాగితాన్ని తినేస్తుంది.

పెడన కలంకారీ వాడేవాళ్లు ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. ఎరుపు అంటుకుంటే ఆ గుడ్డకి మైదా జిగురు తడి పనికిరాదు. వెల్వెట్ నలిగిపోతుంది, చమ్కీలు గుచ్చుకుంటాయి, అడగకండి. మంగళగిరి నిజాం అంచు అట్టమీద రావాలంటే అది నిలువుగా, పేజీ అంచు వైపు వస్తేనే అందం. అంచు పడుగు వెంటే పోతుంది కాబట్టి న్యాయమూ అదే.

అట్ట కొలతలు రాసుకోండి. రెండు అట్టలు, ఒక్కోటి 144 వెడల్పు, 235 ఎత్తు, మిల్లీమీటర్లలో. వీపు పట్టీ వెడల్పు: కుట్టిన పుస్తకాన్ని చేత్తో అదిమి వీపు దగ్గర మందం కొలిచి, దానికి రెండు అట్టల మందం నాలుగు మిల్లీమీటర్లు కలపండి. మందం ఎనిమిది వస్తే పట్టీ పన్నెండు. పట్టీకీ అట్టకీ మధ్య ఏడు మిల్లీమీటర్ల సందు. అయిదు వదిలితే అట్ట తెరుచుకోదు, పది వదిలితే వదులై ఊగుతుంది. చుట్టూ రెండేసి సెంటీమీటర్ల మడతతో కలిపి గుడ్డ 36, 28 సెంటీమీటర్లు చాలు. అడ్డం 110 సెంటీమీటర్లున్న 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్కలో ఆరు పుస్తకాలు వెళ్తాయి.

ఇప్పుడు ఫెవికాల్ రెండు వంతులు, మైదా జిగురు ఒక వంతు. గుడ్డకి కాదు, అట్టకి రాయండి. మూలల్ని ఏటవాలుగా కోసేటప్పుడు అట్ట మూలకి మూడు, నాలుగు మిల్లీమీటర్ల దూరం వదలండి. మూలకి ఆనించి కోస్తే బోర్డు బయటపడుతుంది, ఎక్కువ వదిలితే ఉండ కడుతుంది. పైనా కిందా ముందు మడవండి, మూల దగ్గర గోటితో గుడ్డని లోపలికి నొక్కండి, ఆ తర్వాత పక్కలు.

చివరికి పుస్తకాన్ని అట్టలో పెట్టి దళసరి కాగితానికి జిగురు రాసి మూస్తారు. రాసే ముందు దాని కింద ప్లాస్టిక్ కాగితం పెట్టండి. వీపు పట్టీకి మాత్రం చుక్క కూడా రాయకూడదు. అది విడిగా ఉంటేనే పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది. అట్ట లోపల రెండు వైపులా తడి పీల్చే కాగితాలు వేసి, సందుల్లో అల్లిక సూదులు పెట్టి, పైన చదునైన చెక్క, చెక్కమీద కాగితం చుట్టిన ఇటుకలు నాలుగు. గంట తర్వాత ఒక్కసారి తీసి తడి పీల్చిన కాగితాలు మార్చండి. ఆ తర్వాత రేపు సాయంత్రం దాకా తెరవకండి. ఎలా వచ్చిందో చూద్దామని మధ్యలో తెరిచిన పుస్తకంలో ఆ తడి కాగితం ముడత పడి అలాగే ఆరుతుంది. డిసెంబరు మంచుకి ఇంకో రాత్రి పట్టినా ఆశ్చర్యం లేదు. ఎండలో పెట్టొద్దు, ఫ్యాను కిందా వద్దు. ఒక వైపు ముందు ఆరితే అట్ట అప్పడంలా లేస్తుంది.

ఆరబెట్టడం అయిదో విషయం. అదీ అయిపోయింది.

జిగురు చల్లారినట్టుంది, పైన తొరక కట్టింది, ఎవరైనా తీసేయండమ్మా. బల్లమీద డబుల్ డెమీ తావులున్నాయి, ఏ వైపు పడుగో నేను గుర్తు పెట్టలేదు. కత్తెర ఎవరూ ముట్టుకోకండి. ముందు వంచి చూడండి.