ఫ్యాంటసీ హాకీ కీపర్ లీగ్: గొడవలు రాకుండా రూల్స్ రాసుకోవడం ఎలా?

[తెర మీద: 2025 ఐపీఎల్ వేలానికి ముందు సన్‌రైజర్స్ అట్టిపెట్టుకున్న ఐదుగురి పట్టిక]

నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 2023లో 20 లక్షలకు తీసుకుంది. 2025 సీజన్‌కు అతన్నే ఉంచుకోవడానికి 6 కోట్లు పెట్టింది. క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్‌లతో కలిపి ఐదుగురికి 75 కోట్లు. 120 కోట్ల పర్సులో వేలానికి మిగిలింది 45. అంటే మంచి ఆటగాణ్ని ఉంచుకోవచ్చు, కానీ ఆ మేరకు వేలంలో చేతులు కట్టేసుకోవాలి. ఫ్యాంటసీ హాకీ కీపర్ లీగ్‌కూ ఇదే సూత్రం. అంటే నిజమైన ఐస్ హాకీ ఆటగాళ్లతో మనమే ఊహా జట్లు కట్టుకుని, వాళ్ల ఆటతీరును బట్టి పోటీ పడే లీగ్. అందులో కొందరిని మరుసటి ఏడాదికీ ఉంచుకోవచ్చు, వాళ్లే కీపర్లు. ఉంచుకోవడం ఉచితమైతే, మొదటి ఏడాది అదృష్టం కలిసొచ్చిన జట్టే నాలుగేళ్లు గెలుస్తుంది. మిగతావాళ్లు డిసెంబర్‌కల్లా యాప్ తెరవడం మానేస్తారు.

[తెర మీద: 10 జట్లు, 16 రౌండ్లు, 4 కీపర్లు]

లెక్క కోసం ఒక లీగ్ అనుకుందాం. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) మీద ఆడే పది జట్ల లీగ్. సగం మంది మాదాపూర్, మియాపూర్‌లలో, సగం మంది డాలస్, న్యూజెర్సీలలో ఉన్నారు. హైదరాబాద్ గ్రూపులు చాలావరకు ఇలాగే ఉంటాయి లెండి. డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడం) 16 రౌండ్లు, జట్టుకు నలుగురు కీపర్లు. డ్రాఫ్ట్ మొదలు కాకముందే 40 మంది చేతులు మారకుండా ఉండిపోతారు. ఆరుగురి దాకా పోతే 60 మంది. కొత్తగా చేరినవాళ్లకు అప్పుడు ఏరుకోవడానికి ఏమీ మిగలదు. నాలుగు చాలు.

ఇక ధర. పోయిన ఏడాది 12వ రౌండ్‌లో తీసుకున్నవాణ్ని ఈ ఏడాది ఉంచుకోవాలంటే 10వ రౌండ్ పిక్ (ఆ రౌండ్‌లో ఎంచుకునే వంతు) వదులుకోవాలి. మరుసటి ఏడాది 8వది, ఆపైన 6వది. మూడుసార్లు ఉంచుకున్నాక అతను డ్రాఫ్ట్‌లోకి వెళ్లాల్సిందే. ఏటా రెండేసి రౌండ్లే ఎందుకంటే, ఒక్కో రౌండ్ చొప్పున పెంచితే 16లో దొరికినవాడు మూడేళ్ల తర్వాత కూడా 13లోనే ఉంటాడు, ధర పెరిగినట్టే ఉండదు. ఒకటి, రెండు రౌండ్లలో తీసుకున్నవాళ్లను అసలు ఉంచుకోకూడదు. ఈ ఒక్క రూల్ వల్లే మెక్‌డేవిడ్ లాంటి ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ ఏటా డ్రాఫ్ట్‌కు వస్తాడు.

ఇద్దరి ధరా 8వ రౌండే అయితే? ఒకడికి 8, రెండోవాడికి 7. తొమ్మిది కాదు. కిందికి జరగనిస్తే అందరూ కావాలనే ధరలు ఢీకొట్టేలా చూసుకుంటారు. ఆ రౌండ్ పిక్‌ను ఇంతకుముందే ట్రేడ్‌లో (జట్ల మధ్య మార్పిడిలో) ఇచ్చేసి ఉంటే, దానికంటే పైనున్న పిక్ పోతుంది. పైన ఏదీ లేకపోతే ఆటగాణ్ని వదిలేయాలి.

[తెర మీద: డ్రాఫ్ట్ కానివాళ్ల ధర]

అసలు తగువంతా ఇక్కడ మొదలవుతుంది. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు, జనవరిలో మెరిశాడు, వేవర్ (ఏ జట్టులోనూ లేనివాళ్ల జాబితా) మీద ఎవరో ఎత్తుకున్నారు. అతని ధరెంత? చాలా లీగ్‌లు చివరి రౌండ్ అని రాసేస్తాయి. దాంతో మార్చిలో ప్లేఆఫ్స్ ఆశ పోయిన జట్లు, తమ బెంచ్ మొత్తం ఖాళీ చేసి రూకీలను (మొదటి ఏడాది ఆటగాళ్లను) పోగేసుకుంటాయి. డ్రాఫ్ట్ కానివాళ్లందరికీ నేరుగా 10వ రౌండ్ ధర పెట్టండి. లీగ్ ట్రేడ్ గడువు దాటాక ఎత్తుకున్నవాణ్ని కీపర్‌గా అనుమతించకండి.

డ్రాఫ్ట్ అయినవాణ్ని మధ్యలో వదిలేస్తే? ధర ఆ సీజనంతా ఆటగాడికే అంటుకుని ఉండాలి. 3వ రౌండ్‌వాడు గాయపడ్డాడని ఒకరు వదిలేస్తే, ఫిబ్రవరిలో ఎత్తుకున్నవాడికి 10వ రౌండ్ ధర పడకూడదు. పడితే ఇద్దరు స్నేహితులు మాట్లాడుకుని, ఒకడు వదిలి ఇంకొకడు ఎత్తి ధర తగ్గించేస్తారు. ట్రేడ్‌లో మారినా అంతే, పాత ధర, ఎన్నేళ్లు ఉంచుకున్నారన్న లెక్క రెండూ అతనితోపాటే వెళ్తాయి.

గోలీల్లో (గోల్‌కీపర్లలో) ఒక్కరినే ఉంచుకోనివ్వండి. ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు 32, అంటే ప్రధాన గోలీలు కూడా దాదాపు అంతే. పది జట్లూ ముగ్గురేసి చొప్పున అట్టిపెడితే 30 మంది పోయారు.

[తెర మీద: లాండెస్కోగ్, కప్రిజోవ్, మిచ్‌కోవ్]

గాయపడ్డవాళ్ల స్లాట్‌లో ఉన్నవాడు కూడా నలుగురిలో ఒకడే. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు గాబ్రియెల్ లాండెస్కోగ్ 2022లో లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచాక మోకాలి గాయంతో మూడు రెగ్యులర్ సీజన్లు పూర్తిగా ఆడలేదు, 2025 ఏప్రిల్ ప్లేఆఫ్స్‌లో గానీ తిరిగి రాలేదు. అలాంటివాణ్ని ఉచిత స్లాట్‌లో పెట్టి కూర్చోనిస్తే అది ఐదో కీపర్ ఇచ్చినట్టే.

ఇంకా ఎన్‌హెచ్‌ఎల్‌కు రాని కుర్రాళ్ల కోసం విడిగా రెండు స్లాట్‌లు ఇవ్వచ్చు. వీళ్లకు ధర లేదు, ఓపిక ఉండాలి. కప్రిజోవ్‌ను మినెసోటా జట్టు 2015 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో తీసుకుంటే, రష్యా నుంచి అతను వచ్చింది 2020-21కి. మిచ్‌కోవ్ మాత్రం 2023లో డ్రాఫ్ట్ అయి 2024లోనే వచ్చేశాడు. అందుకే మూడేళ్ల గడువు పెట్టండి. కెరీర్‌లో 82 మ్యాచ్‌లు దాటాక, వచ్చే కీపర్ గడువుకు అతన్ని 10వ రౌండ్ ధరతో నలుగురిలోకి తేవాలి, లేదా వదలాలి. రూల్‌లో ‘ఒక సీజన్’ అని రాయకండి, 82 అని అంకె వేయండి. ఇదివరకు 82 మ్యాచ్‌లుండే సీజన్ 2026-27 నుంచి 84 మ్యాచ్‌లు.

సీజనే ఆగిపోవచ్చు కూడా. 2004-05లో యజమానులు లాకౌట్ ప్రకటించడంతో ఒక్క మ్యాచ్ జరగలేదు. 2020 మార్చి 12న కోవిడ్‌తో ఆట ఆగింది. సగం మ్యాచ్‌లు కూడా జరగకపోతే కీపర్ ఏళ్లు లెక్కించవద్దని ముందే రాసుకోండి.

[తెర మీద: ట్రేడ్‌లు]

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పర్లేదంటారు కదా, కమిషనర్ (లీగ్ నడిపేవాడు) కూడా ఆడే లీగ్‌లో అనుమానం ఎప్పుడూ అక్కడికే వెళ్తుంది. ట్రేడ్‌ను రద్దు చేసే అధికారం ఒక్కరికే ఇవ్వకండి. అందరి ఓటూ వద్దు, ఎందుకంటే ప్రత్యర్థి బలపడితే ఎవరైనా ‘వద్దు’ అనే అంటారు. ఆ ట్రేడ్‌తో సంబంధం లేని ముగ్గురు చూడాలి. వాళ్లు అడగాల్సింది ఒక్కటే: ఇద్దరూ తమ తమ జట్టు బాగు కోసమే చేశారా? తెలివితక్కువ ట్రేడ్ తప్పు కాదు, కూడబలుక్కోవడం తప్పు. ప్లేఆఫ్స్‌కు అరువిచ్చి, వేసవిలో వెనక్కి తీసుకోవడం బాగా కనిపించే మోసం. ఇచ్చిన ఆటగాడు తర్వాతి డ్రాఫ్ట్ అయ్యేదాకా పాత జట్టుకు రాకూడదు.

పిక్‌లు వచ్చే ఏడాదివి మాత్రమే ఇచ్చిపుచ్చుకోవాలి. మూడేళ్ల పిక్‌లు అమ్ముకుని, కప్ కొట్టి, లీగ్ నుంచి జారుకునేవాళ్లుంటారు. వేరేచోట్ల దీనికి ముందస్తు డబ్బు కట్టించుకుంటారు. మనకు ఆ దారి లేదు. తెలంగాణలో 2017 నుంచీ, 2025 చట్టంతో దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధం. ఎంట్రీ ఫీజు మాటే వద్దు.

ఆఖరి స్థానానికి మొదటి పిక్ ఇస్తే ఫిబ్రవరి నుంచే ఓడిపోవడానికి పోటీ పడతారు. ఎన్‌హెచ్‌ఎల్‌లోనే లాటరీ వల్ల ఆఖరి జట్టుకు మొదటి పిక్ దక్కే అవకాశం 25.5 శాతం. ప్లేఆఫ్స్‌కు రాని జట్ల మధ్య చిన్న టోర్నీ పెట్టి, దాని విజేతకు మొదటి పిక్ ఇవ్వండి.

[తెర మీద: రెండు గడియారాలు]

అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7 గంటల మ్యాచ్ మనకు చలికాలంలో తెల్లవారుజామున 5:30, మార్చి రెండో ఆదివారం నుంచి 4:30. ముందొచ్చినవాడికి ముందు అనే పద్ధతిలో వేవర్ పెడితే, గాయం వార్త రాగానే మేలుకుని ఉన్నవాడిదే ఆటగాడు. దానికి బదులు జట్టుకు సీజన్‌కు 100 పాయింట్ల బడ్జెట్ ఇచ్చి, రోజుకొక్కసారి, మన సాయంత్రం 7:30కి గుట్టు వేలం తెరవండి. అప్పటికి డాలస్‌లోనూ తెల్లారి ఉంటుంది. డ్రాఫ్ట్‌కూ శనివారం అదే సమయం సరిపోతుంది. బతుకమ్మ, దసరా తేదీలు చూసి పెట్టండి, సద్దుల రోజు పిక్ టైమర్ నడుస్తుంటే ఎవరూ ఫోన్ ఎత్తరు. కీపర్ల పేర్లు డ్రాఫ్ట్‌కు ఏడు రోజుల ముందు ఇవ్వాలి. ఇవ్వనివాళ్లకు, ధర కంటే విలువ ఎక్కువున్న నలుగురిని కమిషనర్ కాకుండా, ట్రేడ్‌లను చూసే ఆ ముగ్గురే ఎంచాలి.

రూల్ మార్చాలంటే పదిలో ఏడు ఓట్లు. అది అమలయ్యేది ఓటేసిన ఏడాది కాదు, దాని తర్వాతి డ్రాఫ్ట్ నుంచి. అప్పటికే పాత ధరలను నమ్మి ట్రేడ్‌లు చేసినవాళ్లు ఉంటారు.