సర్దార్ కాకముందు: అహ్మదాబాద్ మున్సిపాలిటీలో వల్లభ్‌భాయి పటేల్

సభకు నమస్కారం.

వల్లభ్‌భాయి పటేల్ పేరు వినగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సంస్థానాల విలీనం. తెలుగువాళ్లకైతే 1948 సెప్టెంబరు, హైదరాబాద్ మీద పోలీసు చర్య. చరిత్ర కాస్త ఎక్కువ చదివినవారికి 1928 నాటి బార్డోలీ రైతు పోరాటం, అక్కడే ఆయన పేరు ముందు చేరిన ‘సర్దార్’ అన్న మాట గుర్తొస్తాయి. అంతకు ముందు పదేళ్లకు పైగా ఆయన అహ్మదాబాద్ మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గానూ, నాలుగేళ్లు అధ్యక్షుడిగానూ కుళాయిలు, మురుగు కాలువలు, ప్రాథమిక పాఠశాలలు, పన్ను బకాయిల మధ్య పనిచేశారన్న సంగతి మాత్రం జీవిత చరిత్రల్లో ఒక అధ్యాయంగా వచ్చి వెళ్లిపోతుంది. ఈ సాయంత్రం ఆ అధ్యాయం దగ్గరే ఆగుదామని నా ఉద్దేశం. మనం పటేల్ దక్షత అని మెచ్చుకునే గుణంలో చాలా భాగం అక్కడ అలవడిందేనని నేను నమ్ముతున్నాను. అక్కడ ఆయన పడిన పేచీలన్నింటి కింద ఒకే ప్రశ్న ఉంది. ఊరివాళ్లు ఎన్నుకున్న సభకూ, సర్కారు నియమించిన అధికారికీ మధ్య ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్నదే ఆ ప్రశ్న.

ముందు ఊరి సంగతి. 1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ తొలి బట్టల మిల్లు పెట్టిన తర్వాత అహ్మదాబాద్ మిల్లుల నగరంగా పెరిగింది. 1921 నాటికి జనాభా రెండున్నర లక్షలు దాటింది. కాని ఆ జనంలో ఎక్కువమంది పాత కోట గోడల లోపల, ‘పోల్’ అని పిలిచే సందుల్లో ఉండేవారు. పోల్ అంటే ఒకే పెద్ద తలుపు ఉన్న సందు, లోపల గోడకు గోడ ఆనుకున్న చెక్కపని ఇళ్లు, రాత్రి తలుపు మూస్తే లోపలివాళ్లు లోపలే. దోపిడీల కాలంలో అది రక్షణ. ఇళ్లు కిక్కిరిసి అంటురోగాలు ప్రబలిన కాలంలో అదే ప్రమాదం. ఇళ్లలో మురుగుకు ఖాల్‌కువాలుండేవి, అంటే వాడిన నీళ్లూ మలమూ భూమిలోకి ఇంకిపోయే గుంతలు. ఆ పక్కనే తాగునీటి బావి ఉండటం ఎవరికీ వింతగా తోచేది కాదు. మున్సిపల్ అధ్యక్షుడిగా రణఛోడ్‌లాల్ పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే కుళాయి నీటి కోసం, భూగర్భ మురుగు కాలువల కోసం పట్టుబట్టినప్పుడు ఖర్చనీ ఆచారమనీ ఎదురుతిరిగినవారిలో చదువుకున్న పెద్దలూ ఉన్నారు. పటేల్ సభలో అడుగుపెట్టేనాటికి ఊళ్లో కుళాయి నీరు ఉంది. వాడిన నీరు పోయే దారి మాత్రం అన్ని పేటలకూ ఏర్పడలేదు. నీళ్లు తెచ్చిపెట్టి మురుగును మరిచిపోతే ఊరు ఇంకా రోగిష్టిదవుతుందని ప్రజారోగ్యం చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

పటేల్ 1910లో ఇంగ్లండు వెళ్లి, లండన్‌లోని మిడిల్ టెంపుల్ అనే న్యాయవాదుల సంస్థలో బారిస్టరు పట్టా పుచ్చుకుని, 1913లో తిరిగి వచ్చి అహ్మదాబాద్‌లో ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ కేసుల్లో పేరు, చేతినిండా రాబడి, సాయంత్రమైతే గుజరాత్ క్లబ్బులో బ్రిడ్జి ఆట. రాజకీయాల మీద ఆసక్తి కన్నా వెటకారమే ఎక్కువ. అటువంటి మనిషి 1917లో, నలభై ఒకటో ఏట, దరియాపూర్ వార్డు నుంచి ఉపఎన్నికలో నిలబడి కౌన్సిలర్ అయ్యారు. అప్పట్లో ఓటు అందరిదీ కాదు. ఆస్తి, పన్ను అర్హతలున్న కొద్దిమందిదే. కాబట్టి ఆ గెలుపును ప్రజా ప్రభంజనంగా ఊహించుకోకూడదు. క్లబ్బులో, కోర్టులో పరిచయమున్న పెద్దమనుషులు, ఇతను అధికారుల ముందు తలవంచేవాడు కాడని ఎరిగి ముందుకు తోసిన అభ్యర్థి ఆయన.

తోసినవారి అంచనా తప్పలేదు. అప్పటి మున్సిపల్ కమిషనర్ షిలిడీ అనే ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) అధికారి. ఆయన కౌన్సిల్‌ను ఖాతరు చేయడని సభ్యుల్లో చాలాకాలంగా కినుక ఉండేది, కాని ఆ కినుక బయట గుసగుసల్లో తప్ప మినిట్స్ పుస్తకంలో ఎక్కలేదు. పటేల్ చేసింది సరిగ్గా దాన్ని ఆ పుస్తకంలోకి ఎక్కించడమే. ఒక చెరువు భూమి విషయంలో మున్సిపాలిటీ హక్కుకు సంబంధించిన వ్యవహారాన్ని పట్టుకుని, ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ తిరగేసి, కమిషనర్ నడవడిని తేదీల వారీగా సభ ముందు పరిచారు. కమిషనర్‌ను తొలగించాలని కోరుతూ కౌన్సిల్ తీర్మానం చేసింది. సర్కారు ఆయనను అక్కడి నుంచి మార్చక తప్పలేదు. ఒక ఐసీఎస్ అధికారి మీద ఎన్నికైన ఊరి సభ తీర్మానం చేసి నెగ్గటం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. నన్ను ఆకట్టుకునేది గెలుపు కన్నా పద్ధతి. అందులో ఊరేగింపు లేదు, బహిరంగ సభ లేదు. క్రిమినల్ లాయరు ముద్దాయి వాంగ్మూలాన్ని చదివినట్టు ఒక కొత్త కౌన్సిలర్ ఫైలును చదివాడు, అంతే. కౌన్సిలర్ అన్నవాడికి అధికారం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, చట్టంలో రాసిన హక్కుల కన్నా ఎజెండాకు జతచేసిన కాగితాలు చదివే ఓపిక నుంచే ఎక్కువ వస్తుందంటాను. చాలామంది సభ్యులు ఆ కాగితాలు చదవరని ప్రతి మున్సిపాలిటీలోని హెడ్ గుమాస్తాకూ తెలుసు.

ఆ ఏడాదే ఆయన పారిశుధ్య కమిటీ బాధ్యత తీసుకున్నారు. అదే ఏడాది ఊళ్లోకి ప్లేగు వచ్చింది. ప్లేగంటే కలిగినవాళ్లు ఇల్లు తాళం వేసి ఊరి బయట పాకల్లోకో, బంధువుల ఊళ్లకో వెళ్లిపోవడం దేశమంతటా ఉన్న అలవాటే. కోర్టులూ బడులూ మూతపడ్డాయి. పటేల్ మాత్రం ఊళ్లోనే ఉండి, సందుల్లో తిరుగుతూ, మురుగు తీయించి మందు చల్లించే పని దగ్గరుండి చూసుకున్నారు. ఇందులో వీరత్వాన్ని మాత్రమే చూసి సరిపెట్టుకుంటే అసలు లాభం మనకు కనపడదు. కమిటీ గదిలో ఇంజినీరు మ్యాపు మీద గీత గీసి చూపిస్తే తలాడించే సభ్యుడికీ, ఆ గీత ఏ పోల్‌లో ఎవరి అరుగు కిందుగా పోతుందో కాళ్లతో తిరిగి తెలుసుకున్న సభ్యుడికీ తేడా ఉంది. తర్వాతి కాలంలో ఇంజినీర్లు, అధికారులు ఆయన్ను ఏమార్చలేకపోయారంటే ఆ తిరుగుడు ఫలితమే.

ఇక బడుల సంగతి. ఇది పటేల్ మున్సిపల్ జీవితంలో అన్నింటికన్నా పెద్ద వివాదం, నా దృష్టిలో అన్నింటికన్నా చిక్కైనది కూడా. 1920లో సహాయ నిరాకరణ మొదలైంది. ప్రాథమిక పాఠశాలలు నడిపేది మున్సిపాలిటీ, దానికి గ్రాంటు ఇచ్చేది సర్కారు, గ్రాంటు ఇస్తుంది కాబట్టి తనిఖీ హక్కు విద్యాశాఖది. పటేల్ వర్గం సూటిగా ఒక మార్గం పట్టింది: గ్రాంటు మాకు వద్దు, కాబట్టి మీ తనిఖీ కూడా వద్దు. బడి ఖర్చు పన్ను కట్టే ఊరివాళ్లదైతే, బడి ఎలా నడవాలో నిర్ణయించేది కూడా ఊరివాళ్ల సభే అన్నది వాదన. డివిజనల్ కమిషనర్ ప్రాట్‌తో, అంటే 1918లో ఖేడా రైతుల శిస్తు పోరాటంలో ఎదురుపడిన ఆ అధికారితోనే, మళ్లీ ఉత్తరాల యుద్ధం నడిచింది. చివరకు 1922 ఫిబ్రవరిలో సర్కారు మున్సిపాలిటీనే రద్దు చేసి, తాను నియమించిన కమిటీ చేతికి అప్పగించింది. పటేల్ మిత్రులు చందాలు పోగుచేసి, ఊళ్లో జాతీయ పాఠశాలలు నడిపారు. బడుల మీద నిధులను చట్టవిరుద్ధంగా ఖర్చు చేశారంటూ లక్ష రూపాయలకు పైబడిన మొత్తాన్ని పటేల్ నుంచీ, తోటి సభ్యుల నుంచీ స్వంతంగా రాబట్టాలని సర్కారు దావా వేసింది. ఆ దావా కోర్టులో నిలవలేదు.

దీన్ని స్వాతంత్ర్య పోరాటంలో ఒక ఘట్టంగా కీర్తించడం సులువు. కాని మున్సిపల్ పాలన కోణంలో చూస్తే ఒక అభ్యంతరం చెప్పకుండా ఉండలేను. ఊరి బడిని జాతీయ రాజకీయానికి మోర్చా చేసినప్పుడు, మధ్యలో రెండేళ్లు రెండు రకాల బడుల మధ్య ఊగింది పలకా బలపం పట్టుకున్న పిల్లలు. పటేల్‌కు ఈ మాట తట్టలేదనుకోను. అందుకే ఆయన బడులు మూయించే దారి పట్టకుండా, చందాల మీద నడిపించే భారం నెత్తిన వేసుకున్నారు. దావా గెలవడానికి కారణం కూడా ఆయన జాగ్రత్తే. ప్రతి అడుగుకూ కౌన్సిల్ తీర్మానం ఉండేది, ప్రతి తీర్మానానికీ చట్టంలో ఒక ఆధారం చూపగలిగేవారు.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. ఎన్నికైన ఊరి సభను సర్కారు ఒక ఉత్తర్వుతో రద్దు చేసి ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీతో నడపడం బ్రిటిష్ వాళ్లతో పోలేదు. స్వతంత్ర భారతంలోని రాష్ట్ర ప్రభుత్వాలు ఆ పనిని మరింత ఉత్సాహంగా చేశాయి. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణలో 243-యు అధికరణం దానికి కళ్లెం వేసింది. పురపాలక సంఘం గడువు అయిదేళ్లు. రద్దు చేసే ముందు ఆ సభ చెప్పుకునేది వినాలి. రద్దు చేస్తే ఆరు నెలల్లోగా ఎన్నిక జరపాలి. 1922లో అహ్మదాబాద్ సభ్యులకు ఈ మూడింటిలో ఏ రక్షణా లేదు. వాళ్లు 1924 దాకా ఎదురుచూశారు.

1924 ఎన్నికల్లో పటేల్ వర్గం గెలిచింది, ఆయన అధ్యక్షుడయ్యారు. ఆ కాలంలో కాంగ్రెస్ పెద్దలు ఒక్కొక్కరుగా పురపాలక సంఘాల్లోకి వచ్చారు. కలకత్తాలో చిత్తరంజన్ దాస్ మేయరు, ఆయన కింద ముఖ్య కార్యనిర్వహణాధికారిగా యువకుడైన సుభాష్ చంద్ర బోస్. అలహాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ. అంతకు ముందే సేలంలో రాజాజీ, ఇంకా వెనక్కి వెళితే మన రాజమండ్రిలో టంగుటూరి ప్రకాశం. వీరిలో చాలామందికి మున్సిపాలిటీ ఒక మజిలీ. పటేల్ ఒక్కరే అందులో వేరు దింపుకుని అన్నేళ్లు నిలిచారు. అదే సభలో 1919లో కౌన్సిలర్‌గా చేరి తర్వాత అధ్యక్షుడైన గణేశ్ వాసుదేవ్ మావలంకర్ లోక్‌సభ తొలి స్పీకరయ్యారు. సభా మర్యాదలు ఆయన ఎక్కడ నేర్చారో వేరే వెతకనవసరం లేదు.

అధ్యక్షుడిగా పటేల్ చేసిన పనుల్లో నేను ముఖ్యంగా చెప్పదలచింది నగర ప్రణాళిక. 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టం దేశంలో ఈ తరహాలో మొదటిది. దాని కిటుకు ఇది: ఒక ప్రాంతంలోని భూములన్నింటినీ కాగితం మీద ఒక్కటిగా కలిపి, రోడ్లకూ బహిరంగ స్థలాలకూ కావలసింది తీసి, మిగిలినదాన్ని సరైన ఆకారంలో కొత్త ప్లాట్లుగా ఎవరివి వారికి తిరిగి ఇస్తారు. భూమి కొంత తగ్గుతుంది, రోడ్డు వచ్చినందువల్ల ధర పెరుగుతుంది, పెరిగినదాంట్లో కొంత ఖర్చుకు జమవుతుంది. కోట బయట జమాల్‌పూర్, సబర్మతికి ఆవల ఎల్లిస్ బ్రిడ్జి ప్రాంతాలకు ఇలాంటి పథకాలు తయారయ్యాయి. భూమి పోతుందన్నవారు, పరిహారం చాలదన్నవారు, అసలు ఊరు కోట దాటి పోవడమెందుకన్నవారు సభ నిండా ఉన్నారు. పటేల్ తన మెజారిటీని వాటి వెనుక గట్టిగా నిలబెట్టారు. ఈ పద్ధతి గుజరాత్‌లో ఇప్పటికీ నడుస్తోంది, అమరావతి కోసం జరిగిన భూ సమీకరణ గురించి మాట్లాడుకునే మనకు ఇది కొత్తది కాదు. కాని ఒక న్యాయమైన ప్రశ్న వేయవచ్చు. ప్లాట్లలో లాభపడింది భూమి ఉన్నవారు. మిల్లు కూలీలుండే ‘చాల్’లకు, అంటే వరస గదుల ఇళ్లకు, ఈ పథకాల్లో దక్కింది తక్కువ. ఓటు హక్కు ఎవరి చేతిలో ఉందో చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు.

1927 జూలైలో గుజరాత్ అంతటా కుంభవృష్టి కురిసి వరదలు ముంచెత్తాయి. అధ్యక్షుడి హోదాలో ఊళ్లోనూ, గుజరాత్ కాంగ్రెస్ నాయకుడిగా పల్లెల్లోనూ సహాయ కార్యక్రమాన్ని ఆయనే నడిపించారు. ఎక్కడ ఎన్ని ఇళ్లు కూలాయి, ఎవరికి గింజలు కావాలి, ఎవరికి విత్తనాలు కావాలి అని లెక్క రాయించి పంచిన ఆ కార్యకర్తల బృందమే మరుసటి ఏడాది బార్డోలీ పోరాటానికీ అక్కరకొచ్చింది. 1928లో ఆయన మున్సిపల్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు.

చివరగా, ఆయన చరిత్రలో పరస్పర విరుద్ధంగా కనిపించే ఒక విషయం ప్రస్తావించాలి. ఒక ఐసీఎస్ కమిషనర్‌ను ఊరి నుంచి పంపించిన మనిషి, ఇంకొక ఐసీఎస్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాల యుద్ధం చేసిన మనిషి, 1949 అక్టోబరు 10న రాజ్యాంగ సభలో నిలబడి, ఐసీఎస్ అధికారుల సర్వీసు హామీలను రాజ్యాంగంలో ఉంచాలని తోటి సభ్యులతో వాదించారు. తమను జైళ్లలో పెట్టినవారికి రక్షణలెందుకని సభలో చాలామంది మండిపడ్డారు. తన కార్యదర్శి తన అభిప్రాయానికి వ్యతిరేకంగా నోటు రాయవచ్చునని, తన దగ్గర పనిచేసే కార్యదర్శులందరికీ ఆ స్వేచ్ఛ ఇచ్చానని ఆయన చెప్పారు. ఇది వయసుతో వచ్చిన మెత్తదనమని కొందరన్నారు. నేను అలా అనుకోను. అభిప్రాయం నోటు మీద రాసి, నిర్ణయం మంత్రికి వదిలిపెట్టే అధికారితో ఆయనకు 1917లోనూ పేచీ లేదు. సభను పక్కన పెట్టి తానే నిర్ణయం తీసుకున్న అధికారితోనే వచ్చింది పేచీ. అప్పట్లో ఆయన ఆ బల్లకు ఒక పక్క కూర్చున్న సభ్యుడు, 1949లో రెండో పక్క కూర్చున్న మంత్రి. రెండుసార్లూ ఆయన అడిగింది ఫైలు మీద రాతపూర్వకంగా ఉన్న మాటనే.