బోటులో బరువు పెరిగితే వెనక అల ఎందుకు పెద్దదవుతుంది?

[విజయవాడ పున్నమి ఘాట్. వెనక భవానీ ఐలాండ్ వైపు వెళ్తున్న స్పీడ్ బోటు]

హాయ్ అండి, నమస్తే. నా వెనక వెళ్తున్న బోటు కాదు, ఆ బోటు వెనక నీళ్లు చూడండి. రెండుగా చీలి అటొక అల ఇటొక అల విడిపోతున్నాయి కదా, దాన్నే వేక్ అంటారు. వేక్‌బోర్డింగ్ వీడియోలు మీరు చూసే ఉంటారు, కాళ్లకి బోర్డు బిగించుకుని బోటుకి కట్టిన తాడు పట్టుకుని, ఓ 20 మీటర్ల వెనక జారుతూ వచ్చి ఆ అల మీద నుంచే గాల్లోకి లేస్తారు. అల ఎత్తుగా గట్టిగా ఉంటేనే ఎగరగలరు, అందుకే ఆ ఆట కోసం చేసిన బోట్లలో కావాలనే నీళ్లు నింపుతారు. కొంచెం కాదండి, పెద్ద బోట్లలో అయితే 1,000 కేజీలు దాటుతుంది. బోటు తేలిగ్గా ఉండాలి కదా, ఇంత బరువు ఎందుకు మోయడం అని చాలామంది అడుగుతున్నారు, ఇవాళ ఆ సంగతే చూద్దాం.

[ప్లాస్టిక్ టబ్బు, స్టీలు గిన్నె, దగ్గరగా]

ఇది మామూలు బట్టలు నానబెట్టే టబ్బు, నిండా నీళ్లు పోశాను. ఖాళీ గిన్నె వదిలి వేలితో మెల్లగా తోస్తున్నా చూడండి, పైపైన జారిపోయింది, వెనక చిన్న గీత పడిందంతే. ఇప్పుడు అదే గిన్నెలో రెండు గ్లాసుల బియ్యం పోస్తున్నా. చూశారా ఎంత కిందకి దిగిందో, అంచుకి ఇంకో రెండు వేళ్లే ఖాళీ. మళ్లీ అదే స్పీడులో తోస్తే... అల టబ్బు గోడకి తగిలి బయటికి చిందింది.

తేలే వస్తువు ఏదైనా తన బరువెంతో అంత బరువు నీళ్లని పక్కకి తోస్తుంది, స్కూల్లో చదివిన ఆర్కిమెడీస్ సూత్రమే. నది నీళ్లు లీటరు అంటే కేజీ కాబట్టి లెక్క తేలిక, 2 టన్నుల బోటు 2,000 లీటర్ల నీళ్లని పక్కకి నెట్టి ఆ గుంటలో కూర్చుంటుంది, ఇంకో టన్ను ఎక్కిస్తే 3,000 లీటర్లు. ఇప్పుడు బోటు ముందుకెళ్లిపోయింది అనుకోండి, అది వదిలేసిన గుంట ఖాళీగా ఉండదు కదా, రెండు పక్కల నుంచి నీళ్లు దాన్ని నింపడానికి పరిగెత్తుకొచ్చి పైకి లేస్తాయి, ఆ లేచిన నీళ్లే అల. గుంట లోతు పెరిగితే అల కూడా పెరుగుతుంది.

ఎంత దిగుతుంది అంటే, ఉదాహరణకి నీటి మట్టం దగ్గర బోటు అడుగు వైశాల్యం 12.5 చదరపు మీటర్లు ఉంది అనుకుందాం. 500 కేజీలు ఎక్కిస్తే ఆగి ఉన్నప్పుడు అది 4 సెంటీమీటర్లు దిగుతుంది, అంతే. 4 సెంటీమీటర్లకే ఇంత గొడవా అనిపిస్తుంది, కానీ బోటు కదిలితే కథ మారుతుంది.

2018 నవంబర్‌లో ఇక్కడే ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోటు రేసులు జరిగాయి గుర్తుందా, బెజవాడంతా ఒడ్డున నిలబడి చూసింది. గంటకి 200 కిలోమీటర్లు దాటే ఆ బోట్లు చాలా తేలిక, కింద గాలి దూరేలా చేస్తారు కాబట్టి స్పీడులో నీళ్లని దాదాపు ముట్టుకోకుండా పోతాయి, వెనక ఎగిరేది తుంపరే తప్ప బరువైన అల కాదు. స్పీడు పెరిగేకొద్దీ నీళ్లు అడుగుని పైకి నెట్టి బోటుని లేపుతాయి, లేచిన బోటు చేసే గుంట చిన్నది. వేక్‌బోర్డింగ్‌కి కావాల్సింది దీనికి పూర్తిగా రివర్స్. గంటకి 30 నుంచి 38 కిలోమీటర్ల మధ్య నడుపుతారు, ఆ స్పీడులో బోటు పూర్తిగా పైకి లేవకుండా పట్టి ఉంచేదే ఈ బరువు. వాటర్ స్కీయింగ్ వాళ్లని అడగండి, అల అస్సలు వద్దంటారు, అందుకే వాళ్ల బోటు తేలిగ్గా ఉంటుంది, పెద్దవాళ్ల పోటీల్లో 55, 58 వరకూ తోలతారు.

ఇక అసలు విషయం. బరువు ఎంత అన్నదాని మీదే అందరూ మాట్లాడతారు కానీ నా ఉద్దేశంలో ఎక్కడ పెట్టారు అన్నదే పెద్ద ప్రశ్న.

మొత్తం వెనక పెడితే బోటు వెనక భాగం కూరుకుపోయి ముందు పైకి లేస్తుంది, అల ఎత్తుగానే వస్తుంది కానీ నిటారుగా, పైఅంచు విరిగి నురగ అయిపోతుంది, నురగ మీద బోర్డు ఆనదు. కొంత బరువు ముందుకి మార్చితే అల పొడుగ్గా సాగి వాలు తగ్గుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదే హాయి. మరీ ముందుకి వేస్తే మాత్రం ముక్కు నీళ్లలోకి దిగిపోతుంది, మలుపు తిప్పేటప్పుడో తన అలని తనే ఎదురెక్కేటప్పుడో నీళ్లు లోపలికొచ్చేస్తాయి, చాలా డేంజర్ అండి. అందుకే ముందొకటి వెనక రెండు పక్కలా చెరొకటి సంచులో ట్యాంకులో పెట్టి, పంపుతో ఒక్కొక్కటిగా నింపుతూ అల చూసుకుంటూ సరిచేసుకుంటారు.

పక్కల సంగతి ఇంకా సున్నితం. బోటు ఎడమకి ఒరిగితే ఎడమ అల శుభ్రంగా నున్నగా వస్తుంది, కుడిది చెదిరిపోతుంది. వేక్‌సర్ఫింగ్‌లో ఒక వైపు అలే చాలు కాబట్టి కావాలనే అలా ఒరగనిస్తారు, తాడు కూడా వదిలేసి 16, 18 కిలోమీటర్ల స్పీడులో ఆ అల మీదే జారుతుంటారు. వేక్‌బోర్డింగ్‌లో రెండు వైపులా దూకాలి కాబట్టి సమానంగా ఉండాల్సిందే, అక్కడ కూర్చున్న మనుషులూ లెక్కలోకే వస్తారు. 80 కేజీల మనిషి వెనక సీటులోంచి లేచి ముందుకొచ్చి కూర్చుంటే వెనక దూకేవాడికి తెలిసిపోతుంది.

[సగం నింపిన నీళ్ల సంచి, అటూ ఇటూ ఊపుతూ]

ఇది బాగా చూడండి. సగం నిండిన సంచిని కొంచెం ఒంచితే నీళ్లన్నీ అటే పరిగెత్తాయి. బోటులో కూడా ఇంతే, ఒరిగిన వైపుకే నీళ్లు పోయి ఒరుగుని ఇంకా పెంచుతాయి. సంచి నింపితే పూర్తిగా నింపండి, లేదా ఖాళీగా ఉంచండి.

ప్రతి బోటుకీ ఇంత బరువు, ఇంతమంది అని ఒక లిమిట్ ఉంటుంది. మనుషులు, సామాను, పెట్రోలు, ఈ నీళ్ల సంచులు అన్నీ కలిపే ఆ లిమిట్. 2017 నవంబర్‌లో కార్తీక మాసం ఆదివారం నాడు కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పరిమితికి మించి జనాన్ని ఎక్కించిన బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. అది ఆటల బోటు కాదు, అందులో నీళ్ల సంచులూ లేవు, కానీ బరువుకీ ఒరుగుకీ ఉన్న లెక్క ఏ బోటుకైనా ఒకటే. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కమంటే ఎక్కకండి, సరంగు ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే.

ఇంకొకటి, మీరు లేపిన అల మీ దగ్గరే ఆగిపోదు. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు 2022లో ఈ బోట్ల అలలని కొలిచి, వేక్‌సర్ఫింగ్ చేసేటప్పుడు ఒడ్డుకి కనీసం 500 అడుగుల దూరం ఉండాలని చెప్పారు, అంటే 150 మీటర్లు. మన కృష్ణలో వలలు వేసుకునే నాటు పడవలు ఉంటాయి, అంచు నీటికి జానెడు ఎత్తు కూడా ఉండదు వాటికి, ఘాట్ మెట్ల మీద పిల్లల్ని పట్టుకుని స్నానాలు చేసేవాళ్లు ఉంటారు. ఇక్కడ ఈ ఆట మొదలుపెడదాం అనుకునేవాళ్లు ముందు ఆ 150 మీటర్లు రెండు వైపులా దొరికే చోటు వెతకండి, ఒడ్డుకి తిరిగొచ్చేటప్పుడు నది మధ్యలోనే సంచులు ఖాళీ చేసి, స్పీడు పూర్తిగా తగ్గించి రండి.