పోటు నీళ్ళలో పడవ పందెం: కండలేరు క్రీక్ రైతుతో ముచ్చట

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం ముచ్చట పడవ పందేల గురించి. ఒలింపిక్స్‌లో ఉంటది చూడండి, రోయింగ్, అది. నెల్లూరులో కూర్చుని రోయింగ్ సంగతి ఏంది అనుకోవద్దు. ముత్తుకూరు పక్కన కండలేరు క్రీక్ ఒడ్డున రొయ్యల గుంటలు చేసే మా అన్న ఒకాయన వచ్చున్నారు. వాళ్ళ పాప లండన్‌లో చదువుకుంటా అక్కడి రోయింగ్ క్లబ్బులో చేరింది. పాప పడవేసే నీళ్ళ గురించి అన్న అడిగే ప్రశ్నలు నాకు చాలా న్యాయంగా అనిపించాయి. రాండన్నా.

రైతు: నమస్తే అబ్బయా.

హోస్ట్: ముందు నా అనుమానం తీర్చండి. పాప పడవేసే లండన్ థేమ్స్ అంటే నది కదా. నదిలో ఆటుపోట్లేంది?

రైతు: ఉప్పుటేరు పక్కన బతికేవాళ్ళకి అది వింతేం కాదులే. కాకపోతే అక్కడ పోటు లండన్ ఊరంతా దాటి, టెడింగ్టన్ అని ఒక చోటుండాది, అక్కడి లాకుల దాకా పోతది. నీళ్ళు ఏడు మీటర్ల దాకా లేస్తాయి, దిగతాయి. మన కృష్ణపట్నం కాడ మీటరుకు అటూఇటూ. ఏడు మీటర్లంటే రెండంతస్తుల మిద్దె ఎత్తు నీళ్ళు, రోజుకు రెండుసార్లు వచ్చి పోవడం! పట్నీ అనే చోట రోయింగ్ క్లబ్బులన్నీ వరసగా ఉంటాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆ క్లబ్బుల ముందు రోడ్డు మీదికే నీళ్ళొస్తాయి. తెలియక కారు పెట్టి పోయినోళ్ళ కార్లు మునుగుతాయి.

హోస్ట్: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల మధ్య పందెం అక్కడి నుంచే కదా?

రైతు: అదే. 1829లో మొదలైన పందెం. మొదటిది హెన్లీలో జరిగింది, 1845లో ఈ దారికొచ్చింది. పట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా 6.8 కిలోమీటర్లు. వాళ్ళు పోయేది నదికి ఎగువకు. కానీ ఎదురీత కాదు, పోటు వెనక నుంచి తోస్తా ఉంటది. అందుకని పోటు నిండడానికి గంటన్నర ముందు పందెం మొదలుపెడతారు. ప్రతి ఏడూ పందెం టైము మారేది ఇందుకే. నది నడుమన లోతున్న చోట నీళ్ళు జోరుగా పారతాయి. ఆ పాయ కోసం రెండు పడవలూ ఒకదాని మీదికొకటి పోతాయి. పడవ వెనక కూర్చుని దారి చూపించే చిన్న మనిషి ఉంటాడే, కాక్స్ అంటారు, గెలుపోటములు సగం ఆ మనిషి చేతిలోనే.

హోస్ట్: మరి పోటు సాయం చేస్తుంటే ఇబ్బంది ఎక్కడ?

రైతు: గాలి ఎదురు తిరిగినప్పుడు. పోటు ఇటు, గాలి అటు అయిందంటే అల నిట్టనిలువున లేస్తది. మన చేపల వేటగాళ్ళు ఎవరినడిగినా చెప్తారు, అట్టాంటి పూట ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాలంటే గుండె చిక్కబట్టుకోవాలని. ఆ పందెం పడవ ఎట్టుంటదో తెలుసా? ఎనిమిది మంది పడవ దగ్గర దగ్గర 18 మీటర్ల పొడవు, బరువు వంద కేజీలు కూడా ఉండదు. వెడల్పు మనిషి కూర్చునేంత. అంచు నీళ్ళకు జానెడు పైన. రెండు అలలు లోపల పడితే చాలు. 1912లో రెండు పడవలూ మునిగినాయి. 1951లో ఆక్స్‌ఫర్డ్, 1978లో కేంబ్రిడ్జ్ మునిగినాయి. 2016లో కేంబ్రిడ్జ్ ఆడపిల్లల పడవ నిండా నీళ్ళు చేరి, నడుముల దాకా తడిసి, అట్నే తెడ్లేసుకుంటా పందెం ముగించినారు. ఆ వీడియో మా ఆవిడ చూసి రెండు రోజులు పాపతో మాట్లాడలేదు, రోయింగ్ మాన్పించమని.

హోస్ట్: మీ దిగులు కూడా అదేనా అన్నా?

రైతు: కాదబ్బయా. మునిగితే తియ్యడానికి పక్కనే మోటరు బోట్లు ఉంటాయి, పిల్లలకు ఈత వచ్చు. నా దిగులు నీళ్ళ మీద. 2024లో పందేనికి ముందు రివర్ యాక్షన్ అనే సంస్థ వాళ్ళు హ్యామర్‌స్మిత్ వంతెన కాడ నీళ్ళు పరీక్ష చేయించినారు. ఈ-కోలై, అంటే మనిషి పేగుల్లో ఉండే సూక్ష్మజీవి. దొడ్డి నీళ్ళు కలిసినాయని దానికి అర్థం. వంద మిల్లీలీటర్లకు వెయ్యి దాటితే నీళ్ళు చెడ్డవని లెక్క. అక్కడ సగటున 2,869 వచ్చింది. ఒక రోజైతే 9,801. ఆ ఏడు పందెం పిల్లలకు చెప్పినారు: పుండ్లుంటే కట్టు కట్టుకోండి, నోట్లోకి నీళ్ళు పోనియ్యొద్దు, దిగినాక కడుక్కోండి అని. గెలిచినోళ్ళు కాక్స్‌ను ఎత్తి నీళ్ళలో వేసే ఆనవాయితీ ఉండాది, అది గూడా వద్దన్నారు. ఆక్స్‌ఫర్డ్ పడవలో కొంతమందికి ఆ వారంలో కడుపు చెడింది. నీళ్ళ వల్లే అని తేలలేదు, ఆ మాట గూడా చెప్పాల.

హోస్ట్: రోయింగ్ చేసేవాళ్ళు నీళ్ళ పైన కదా ఉండేది. లోపలికి దిగరు కదా?

రైతు: నేనూ పాపతో ఆ మాటే అంటే, వీడియో కాల్‌లో చేతులు చూపించింది. అరచేతుల నిండా బొబ్బలు. వేళ్ళ మొదట్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉండాది. తెడ్డు పట్టుకుని గంటన్నర లాగితే అట్టా అవుతాయంట, ఎంత పాతోళ్ళకైనా. ఆ చేతులతో తడి తెడ్డు పట్టుకోవాల. ముందు కూర్చున్నోళ్ళ తెడ్డు నుంచి చిమ్మే నీళ్ళు వెనకోళ్ళ మొహాన పడతాయి. ఆయాసంతో నోరు తెరిచే ఉంటారు. పడవ దించేప్పుడు మోకాళ్ళ దాకా దిగాల. వారంలో నాలుగైదు పొద్దులు ఇదే పని. దిగనట్టా, దిగినట్టా?

హోస్ట్: అన్నా, నాకు తెలియక అడుగుతున్నా. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంటే, పాటుకు, అంటే నీళ్ళు వెనక్కి తీసేప్పుడు, మురికంతా కొట్టుకుపోయి సముద్రంలో కలవాలి కదా? నిలవ నీళ్ళ కంటే అదే నయం కదా?

రైతు: అందరూ అనుకునేది అదే. మా క్రీక్ కాడికి రా, చూపిస్తా. 1994లో మన జిల్లాలో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చింది. అప్పటికి నాయన గుంటలు చేస్తా ఉండాడు, నేను చిన్నోడిని. రోగమొచ్చిన గుంట నీళ్ళు పాటు చూసి క్రీక్‌లోకి వదిలేసేవాళ్ళు, పోతాయిలే అని. ఆరు గంటలు తిరక్కముందే పోటుకు అవే నీళ్ళు ఎగదన్నేవి. ఎగువనున్న రైతు ఇంజను పెట్టి తన గుంటకు తోడుకునేవాడు. ఒక గుంట జబ్బు వారంలో క్రీక్ రెండు పక్కలా పాకింది. మా నాయన ఇంకో రెండేళ్ళు గుంట మొహం చూడలా.

హోస్ట్: అంటే నీళ్ళు పోవు, ఊగుతూ ఉంటాయి.

రైతు: పది అడుగులు ముందుకు, తొమ్మిది అడుగులు వెనక్కి. ఎగువ నుంచి వాన నీళ్ళు గట్టిగా తోస్తే పోతాయి. ఎండ కాలంలో తోసేదెవరు? థేమ్స్‌లోనూ అంతే. ఒకసారి మురుగు వదిలితే వారాల తరబడి అట్నే ముందుకూ వెనక్కూ ఆడతా ఉంటది. ఇప్పుడు మేము ఎవరమూ క్రీక్ నీళ్ళు నేరుగా గుంటకు పెట్టం. ముందు రిజర్వాయర్ చెరువుకు తోడి, బ్లీచింగ్ కొట్టి, నిలవబెట్టి, సెలినిటీ అంటే ఉప్పదనం, పీహెచ్ చూసుకుని అప్పుడు పెడతాం. నేనైతే పుస్తకంలో ప్రతి పరీక్ష పక్కన పోటా పాటా, ఎన్ని గంటలకు అని రాస్తా. ఒకే రోజు, ఒకే చోట, పొద్దున ముంచిన సీసాకూ మధ్యాహ్నం ముంచిన సీసాకూ సంబంధం ఉండదు. సీసాలు పక్కపక్కన పెడితే రంగే వేరు: పోటు నీళ్ళు తేటగా, పాటు చివరి నీళ్ళు బురదగా, అడుగున నల్లటి మడ్డి.

హోస్ట్: లండన్ క్లబ్బుల్లో ఆ లెక్క ఉందా?

రైతు: పాప క్లబ్బులో నోటీసు బోర్డు మీద ఒక అంకె రాస్తారు, తేదీ వేస్తారు. ఎన్నింటికి ముంచినారు, పోటుకా పాటుకా, ముందు రోజు వాన పడిందా, ఇవేం ఉండవు. నా వరకు అది సగం పరీక్షే. పాప అడిగితే, చూస్తాం అన్నారంట. మళ్ళీ అడగమన్నా.

హోస్ట్: వాన అంటున్నారు. వానకు మురుగుకు లింకేంటి?

రైతు: లండన్‌లో వాన నీళ్ళూ ఇళ్ళ మురుగూ ఒకటే గొట్టంలో పోతాయి. 1860ల్లో బాజల్‌జెట్ అనే ఇంజనీరు కట్టిన కాలవలు. ఆ రోజుల్లో అది గొప్ప పని, కలరాతో చచ్చిపోయే ఊరిని నిలబెట్టినాడు. ఇప్పుడు జనం పెరిగి, వాన గట్టిగా పడితే గొట్టాలు పట్టక నదిలోకి వదిలేస్తారు. దానికోసమే 25 కిలోమీటర్ల సొరంగం తవ్వినారు, టైడ్‌వే అని. లోపల లారీలు పోయేంత వెడల్పు, 7.2 మీటర్లు. 2025 ఫిబ్రవరికి దానికి కలపాల్సిన గొట్టాలన్నీ కలిపేసినారు. మంచి పని, మెచ్చుకోవాల. అయితే ఆ సొరంగం మొదలయ్యేది యాక్టన్ కాడ. దానికి ఎగువన, మోగ్డన్ అని పెద్ద మురుగు శుద్ధి ప్లాంటు ఉండాది. గట్టి వానకు అది వదిలేది పందెం జరిగే దారిలోకే దిగతది. సొరంగం వచ్చింది కదా, ఇంక ఏం భయం లేదు అని పిల్లలకు చెప్పొద్దు. పోయిన వానకు లెక్క ఎంత, ఈ వానకు ఎంత, అది చెప్పాల.

హోస్ట్: ఒలింపిక్స్‌లో పోటు నీళ్ళ మీద పెట్టరు కదా?

రైతు: టోక్యోలో పెట్టినారుగా. సముద్రంలో పూడ్చిన రెండు దిబ్బల నడుమ కాలవ. మన అర్జున్‌లాల్ జాట్, అర్వింద్ సింగ్ 11వ స్థానంలో వచ్చింది అక్కడే, మన దేశానికి ఒలింపిక్ రోయింగ్‌లో అంతకు ముందెప్పుడూ అంత పై స్థానం రాలా. టోక్యో వాళ్ళు ఆ కాలవకు రెండు చివర్లా గేట్లు కట్టి పోటును ఆపేసినారు. అలలు గోడకు కొట్టి తిరిగి రాకుండా తేలే గొట్టాలు వేసినారు. ఆ గొట్టాలకు ఆలిచిప్పలు పట్టుకుని, బరువుకు మునిగిపోబోతే, 14 టన్నులు గీకి తీసినారు. ఉప్పు నీళ్ళ పని అట్నే ఉంటది. గుంట నీళ్ళలో గాలి కలిపే మా ఏరేటర్ల రెక్కలకు అంటుకునే గవ్వలను నెలకోసారి గీకే కూలీలను అడుగు.

హోస్ట్: 2028 లాస్ ఏంజెలెస్‌లో?

రైతు: లాంగ్ బీచ్‌లో, 1932 ఒలింపిక్స్ కోసం తవ్విన కాలవలోనే. తర్వాత కట్టిన వంతెన అడ్డమని 2,000 మీటర్ల పందేన్ని 1,500కు తగ్గించినారు. అది గూడా పోటు పాటు ఉండే అఖాతమే. గాలి, అలలు, దారి పొడవు వీటి మీదే చర్చంతా. నీళ్ళ పరీక్షలు పోటుకొకటి, పాటుకొకటి, వాన పడిన మర్నాడు ఇంకొకటి చేసి, గంటతో సహా ముందే బయట పెట్టమని క్రీడాకారులు గట్టిగా అడగాల. పోటీకి వారం ముందు కాదు, ప్రాక్టీసు మొదలైనప్పటి నుంచి. అక్కడే నెలల తరబడి తెడ్డేసే పిల్లలు ఎక్కువ, పతకం కోసం వచ్చేవాళ్ళు తక్కువ.

హోస్ట్: మన దగ్గర కూడా ఉప్పుటేళ్ళలో, బకింగ్‌హామ్ కాలవలో పడవల క్రీడలు పెట్టాలని అప్పుడప్పుడు మాట వస్తుంటుంది.

రైతు: పెడితే సంతోషం. మన జాలరి పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య, తెడ్డు వాళ్ళ చేతిలో ఎట్టా ఆడతదో చూడాల. కాకపోతే పడవ కొనేముందు సీసా కొనాల. క్రీక్ పక్కన గుంటలున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి, ఊళ్ళ మురుగు ఉండాది. ఒక ఏడాది పొడుగునా పోటుకూ పాటుకూ ముంచి చూసి, రాసి పెట్టి, ఆ కాగితం పిల్లల అమ్మానాన్నలకు తెలుగులో చదివి వినిపించి, అప్పుడు దించండి. ముంచే పనికి మనుషులు కావాలంటే మేమున్నాం. ఏ గంటకు నీళ్ళు ఎటు తిరగతాయో మాకు క్యాలెండరు చూడకుండా తెలుసు.