ముందు కాపీ, తర్వాతే రిపేర్

యాంకర్: హనుమకొండ చౌరస్తా దగ్గర ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్న అన్న ఇవాళ మనతో ఉన్నాడు. అన్నా, పరకాల నుంచి ఒక ఫొటోగ్రాఫర్ అడుగుతున్నాడు. పాత ల్యాప్‌టాప్‌లో పెళ్లి ఫొటోల ఫోల్డర్ తెరిస్తే చాలు, సిస్టమ్ మొత్తం ఆగిపోతోందట. డిస్క్‌లో తప్పులు సరిచేసే విండోస్ టూల్ చెక్‌డిస్క్ పెట్టమంటావా?

టెక్నీషియన్: వద్దు తమ్మీ. ఫొటోలు వేరే డిస్క్‌లోకి వచ్చేదాకా దాని జోలికే పోవద్దు. స్లాష్ ఆర్ (/r) అనే ఆప్షన్ పెట్టి నడిపితే చెక్‌డిస్క్ డిస్క్ మొత్తం చదువుతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్ ఆ చదవడంలోనే పోవచ్చు. పైగా చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే లెక్కను సరిచేయడం. ఫొటోలను కాపాడటం కాదు.

యాంకర్: బ్యాడ్ సెక్టార్, అంటే డిస్క్‌లో పాడైన చిన్న ముక్క వచ్చిందంటే డిస్క్ పోయినట్టేనా?

టెక్నీషియన్: ఒకటి రెండుంటే కాదు. కంపెనీ ముందే కొన్ని స్పేర్ సెక్టార్లు పెట్టి పంపిస్తుంది. డిస్క్ ఎలా ఉందో చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో 05, సీ5 వరుసలు చూడాలి. స్పేర్‌లోకి మార్చినవి 05లో, చదవలేక పెండింగ్‌లో పెట్టినవి సీ5లో ఉంటాయి. అంకెలు మామూలుగా హెక్సాలో, అంటే పదికి బదులు పదహారుతో లెక్కపెట్టే పద్ధతిలో చూపిస్తుంది, 10 అని ఉంటే పదహారన్నమాట. సీ5 పెరుగుతూ పోతుంటే ఇక ఆ డిస్క్‌ను నమ్మొద్దు.

యాంకర్: ఫార్మాట్ కొడితే సీ5 సున్నా అవుతుందంటారు కదా?

టెక్నీషియన్: ఫుల్ ఫార్మాట్ కొడితే కావచ్చు. కొత్తగా రాసేటప్పుడు ఆ సెక్టార్ పనిచేస్తే సరే, లేకపోతే డిస్క్ దాని బదులు స్పేర్ వాడుకుంటుంది. కానీ ఫొటోలు? సున్నా చూసి సంబరపడి, మళ్లీ అందులోనే పెళ్లిళ్లు దాచుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

యాంకర్: మరి ఎలా తీయాలి?

టెక్నీషియన్: విండోస్ బదులు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాతదానికన్నా పెద్ద ఖాళీ డిస్క్ తగిలించి, పాడైన డిస్క్ నుంచి డేటా కాపీ చేసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ నడపాలి. మామూలు కాపీ పేస్ట్ చదవలేని చోటే పట్టుకుని కూర్చుంటుంది. ఇది ముందు మంచి భాగమంతా లాగేసి, మొండికేసిన చోటికి చివర్లో వస్తుంది. ఎక్కడిదాకా అయిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ ఫైల్‌ను కొత్త డిస్క్‌లోనో, ఇంకో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టాలి. పెన్‌డ్రైవ్‌తో నడిచే లైనక్స్ లైవ్ డెస్క్‌టాప్ మీద పెడితే అది ర్యామ్‌లోనే ఉంటుంది, కరెంటు పోయినప్పుడు అదీ పోతుంది.

మొన్న కాజీపేట నుంచి ఒకామె వచ్చింది. చనిపోయిన నాన్న ఫొటోలన్నీ ఆమె తెచ్చిన డిస్క్‌లోనే. రాత్రంతా నడిపితే ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి, వీడియోలు కొన్ని రాలేదు. ఒక్కో ఫొటో తెరిచి చూసుకుంటూ కౌంటర్ దగ్గరే నిలబడిపోయింది.

యాంకర్: ఇంట్లో సొంతంగా చేసేవాళ్లకు?

టెక్నీషియన్: ఏది పాత డిస్కో, ఏది కొత్తదో సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి ఫొటోల మీద పడి అవి చెరిగిపోతాయి. డిస్క్ టిక్ టిక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే పవర్ తీసేయాలి. అది డేటా రికవరీ ల్యాబ్ పని, నా చేతిలో కూడా ఉండదు.

యాంకర్: కాపీ అయ్యాక?

టెక్నీషియన్: పాతది 2.5 అంగుళాల సాటా కనెక్టర్ ఉన్న డిస్క్ అయితే, ఆ చోట్లోనే అదే సైజు సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్ పడుతుంది. ఆ పరకాల తమ్ముడికి ఒక్కటి చెప్పు, అప్పటిదాకా కొత్త పెళ్లి ఫొటోలు ఆ ల్యాప్‌టాప్‌లో వేయొద్దు, కెమెరా కార్డు కూడా ఖాళీ చేయొద్దు.